రేకుల ఇంటికి రజాయి

కరెంటు మీటర్లు చూసే ఉద్యోగంలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. ఎవరింట్లో ఏముందో వాళ్ల చుట్టాలకన్నా నాకే బాగా తెలుసు. కొత్త ఫ్రిజ్ సంగతి మనుషులు దాచినా మీటరు దాచదు. అందుకే మాటలు అంత తొందరగా నమ్మను. కోపం కూడా నాకు కొంచెం ఎక్కువ. కుక్క కరిచిన రోజు నేను తిరిగి కుక్కని కరిచేలా ఉన్నానని మా ఆవిడ వీధంతా చెప్పింది. అలాంటి నేను ఒక మనిషిని మెచ్చుకుంటూ ఇంత రాస్తున్నానంటే, ఆ మనిషి పరుపులక్క కాబట్టే.

మా పైవాటాలో ఉంటుంది. పరుపులూ రజాయిలూ కుట్టడం ఆమె పని. అసలు పేరు బిల్లు మీద నెలనెలా చదివే నేను కూడా ఆమెను పరుపులక్కా అనే పిలుస్తాను. భర్త లారీ డ్రైవరు, నెలలో నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ముందు గదిలో దూది, వెనక గదిలో అత్తగారు. మాట్లాడేటప్పుడు కూడా సూది ఆమె పెదాల మధ్యే ఉంటుంది. ఎవరింటికి వెళ్లినా కూర్చునే ముందు కుర్చీలోని దిండును బొటనవేలితో నొక్కి చూస్తుంది. గుంట పడిందంటే ఆ ఇంటివాళ్ల పరువు పోయినట్టే. తను కుట్టిన పరుపు పదేళ్లయినా అణగదు, అంతలా కూరి కుడుతుంది.

పని నేర్పింది అత్తగారే. ఆ పెద్దావిడ వేళ్లు ఇప్పుడు సరిగ్గా వంగవు గానీ, కుట్టు వంకర పోతే గది అవతలి నుంచే పట్టేస్తుంది. అత్తాకోడళ్లు పొద్దస్తమానం పోట్లాడుకుంటారు. ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగదు.

పైవాటాకి కప్పు రేకులు. ఎండలు ముదిరితే అది ఇల్లు కాదు, పెనం. పెద్దావిడ కోసం ఏసీ పెట్టించారు. పొద్దున పదింటి నుంచి అది రొప్పుతూనే ఉండేది. పైనుంచి రేకుల వేడి దిగేది, లోపలి చల్లదనం తలుపు సందుల్లోంచి పోయేది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. నిరుడు ఆ మీటరు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. అంత కరెంటు కాల్చినా ఒక మధ్యాహ్నం పెద్దావిడ కళ్లు తిరిగి పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆవిడ పెద్దకొడుకు వచ్చాడు. ఊరి అవతలి వైపు ఉంటాడు, మంచివాడే.

“చూడమ్మా, తప్పు నీది కాదు,” అన్నాడు పరుపులక్కతో. “ఈ రేకుల కింద అమ్మ బతకలేదు. వచ్చే ఎండాకాలం మొదట్లో వస్తా. గది ఇలాగే ఉంటే అమ్మని మా ఇంటికి తీసుకెళ్లిపోతా.”

“ఆ ఇంట్లో నాకేం పనుందిరా? గోడలు లెక్కపెట్టుకుంటూ కూర్చోనా?” అంది పెద్దావిడ. ఆ రోజు పరుపులక్క నోట్లో సూది లేదు.

ఎండలు తగ్గాక ఒకరోజు మీటరు దగ్గర నన్ను ఆపింది.

“తమ్ముడూ, ఇంటికి రజాయి కప్పితే మీటరు తగ్గుతుందా?”

నేను పకపకా నవ్వాను. “ఎండాకాలంలో రజాయా! ఎండదెబ్బ అత్తగారికి కాదక్కా, నీకు తగిలినట్టుంది.”

“ఐసు బండివాడు గడ్డ మీద గోనె ఎందుకు కప్పుతాడు? ఐసుకి చలేస్తుందనా?”

అడిగింది సబబే. ఎదుటివాళ్ల మాట సబబైనప్పుడే నాకు కోపం వస్తుంది. “పైనంతా వైర్లున్నాయి, పక్కన దూది పెట్టి ఇల్లు తగలబెడతావా?” అని అరిచాను. అరిచిన పాపానికి ఒక ఆదివారమంతా స్టూలెక్కి, ఆ వైర్లన్నీ పైపుల్లోకి నేనే మార్చాల్సి వచ్చింది.

ఆ చలికాలమంతా ఆమె చేసిన పని చూశాను. లాడ్జీల వాళ్లు పారేసే పాత పరుపులు అడిగి తెచ్చుకుంది. దూదిని ఏకి, తొందరగా నిప్పంటుకోకుండా బోరాక్స్ నీళ్లు చల్లి, మేడ మెట్ల మీద ఎండబెట్టింది. మెట్లెక్కేవాళ్ల జుట్టంతా దూదే. వాసాల మధ్య ఖాళీలు కొలిచింది, ఇరవై రెండు తేలాయి. ఒక్కో దానికి ఒక్కో సంచి కుట్టి, కర్రతో దూది కూరి, జానెడుకో ముడి వేసింది. పగలు గిరాకీల పని, అది అయ్యాక ఇంటి పని. చివరికి అన్నిటినీ రేకులకు ఆనించి, కింద చెక్క బద్దలు కొట్టింది. ఇరవై రెండూ ఒక్క గుడ్డలోంచి కోసినట్టు వరసగా ఉన్నాయి. ఆమె జీవితంలో అంత మంచి కుట్టు ఇంకెక్కడా కుట్టలేదని అత్తగారే ఒప్పుకుంది.

తర్వాత ఎండలు మొదలయ్యాయి. ఆమె బావగారు, అదే ఆ పెద్దకొడుకు, ఫోన్ చేసి వస్తానన్న రోజుకి ఇంకా పదిహేను రోజులున్నాయి. మధ్యాహ్నం అయ్యేసరికి గది మళ్లీ పెనమే. ఏసీ మళ్లీ రొప్పడమే. మీటరు చూస్తే నిరుటికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదు.

“చెప్పానా?” అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

పరుపులక్క స్టూలెక్కి సంచి కింద అరచెయ్యి పెట్టింది. కాలుతోంది. దిగి, అదే స్టూలు మీద కూలబడింది.

“ఒకటి విప్పి ఇటు తే,” అంది పెద్దావిడ. వంకరపోయిన బొటనవేలితో నొక్కి చూసింది. “గుంట పడలేదే.”

“ఎలా పడుతుంది అత్తయ్యా? నా చేతి కుట్టది.”

“చలికాలం రాగానే జనం పాత రజాయిలు తెచ్చి, చలి ఆగట్లేదంటారు కదా. అప్పుడు నువ్వేం చేస్తావ్? కొత్త దూది వేస్తావా?”

“ఎందుకు? అణిగిపోయిన దూదినే ఏకి, పొంగేలా వదులుగా నింపి...” అంటూ ఆగిపోయింది.

“ఆ! ఇంటికి రజాయి కప్పుతానని పరుపు కుట్టావే అమ్మాయ్!” అంది పెద్దావిడ.

వేడిని ఆపేది దూది పోగుల మధ్య చిక్కుకున్న గాలి. కూరి కుడితే ఆ గాలికి చోటేది? ముప్పై ఏళ్లుగా ఆమె చేతులకు తెలిసిన సంగతే అది. కానీ గుంట పడని కుట్టు మీది మమకారం ఆ చేతులనే మోసం చేసింది.

కత్తెర తీసుకుంది. మొదటి ముడి దగ్గర ఒక్క క్షణం ఆగింది. మూడు నెలల పని, అందులోనూ తన చేతి నుంచి వచ్చిన వాటిలోకెల్లా మంచిది. నేనైతే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకునేవాణ్ని. ఆమె కత్తిరించింది. ఇరవై రెండూ విప్పింది.

సెలవు పెట్టి వెళ్లాను. ‘చెప్పానా’ అన్న నోటికి గుడ్డ కట్టుకుని దూది ఏకాను. మా ఆవిడ కూడా వచ్చింది. “గంట పనన్నారు, ఏకులా వచ్చి మేకులా తగులుకుంది,” అని సణుగుతూనే తొమ్మిది రోజులూ చేసింది. ఈసారి సంచుల్ని పొంగుగా నింపి, రేకులకు తగలకుండా జానెడు కిందికి కట్టాం. వదులుగా నింపేసరికి సగం దూది మిగిలింది. దాంతో తలుపుల కిందికీ కిటికీల సందుల్లోకీ పొడుగాటి గుడ్డ చుట్టలు కుట్టింది.

చెప్పిన రోజున మిట్టమధ్యాహ్నం బావగారు వచ్చాడు. చేతిలో పెద్ద ఖాళీ సంచి, అమ్మ బట్టల కోసం. కూర్చుని చెమట తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్లీ తుడుచుకోబోయి, చెమట లేదని గమనించాడు.

“ఏసీ ఎప్పట్నుంచి వేసుంచారు?”

“పొద్దున ఓ గంట వేసి ఆపేశాం బావగారూ.”

నమ్మలేదు. లేచి ఏసీ ముందు చెయ్యి పెట్టి చూశాడు. తలెత్తి కప్పు చూశాడు. నేను ఉండబట్టలేక, “నాలుగు రోజుల్నుంచి మీటరు నేనే చూస్తున్నానండీ. నిరుటి దాంట్లో మూడోవంతు కూడా తిరగట్లేదు,” అన్నాను. ఆ మాట చెప్తుంటే నాకు నిజంగా గర్వంగా అనిపించింది, ఇల్లు నాదైనట్టు.

ఆయన కప్పు కింది సంచులను వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత నెమ్మదిగా, “మా ఇంట్లో పై గది కూడా ఇలాగే కాలుతుందమ్మా,” అన్నాడు.

“ఆ సంచి ఇటివ్వు,” అంది పెద్దావిడ.

పరుపులక్క ముఖం పాలిపోయింది. పెద్దావిడ లేచి, గోడకున్న కొలత టేపు తీసి సంచిలో వేసింది. తర్వాత సుద్దముక్క, కత్తెర.

“పదరా, నీ గది కొలతలు తీసుకుందాం. సాయంత్రానికి నన్నిక్కడ దింపెయ్యాలి. నాకు పనుంది.”

గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి కోడలితో అంది. “తలుపు కింద పెట్టిన చుట్టకి కుట్టు వంకర పోయింది. నేనొచ్చేలోపు విప్పి సరిగ్గా కుట్టు.”

నేను వంగి చూశాను. కుట్టు తిన్నగానే ఉంది. పరుపులక్క మాత్రం ఏడుస్తూ, నవ్వుతూ, దాన్ని విప్పడం మొదలుపెట్టింది.