పెద్దది మీ దిక్కు, చిన్నది మా దిక్కు

ఈ రోజు పంజాగుట్ట ఆసుపత్రిలో రిపోర్టులు తీసుకున్నాం. మా పెద్దమ్మాయికి ఎముక మజ్జ మార్పిడి చేయాలి. దానికి తన రోగనిరోధక జన్యువులు, దాతవి కలవాలి. నాది గుంటూరు, మావారిది కరీంనగర్. ఇలా రెండు ప్రాంతాలు కలిసిన పిల్లలకు బయటివాళ్లలో దాత దొరకడం కష్టమని ముందే చెప్పారు.

పెద్దది అచ్చం నా పోలిక, చిన్నది అత్తయ్యగారి పోలిక. అందుకని పెద్దదానిలాగే ఉండే మా అన్నయ్య కూతురిని గుంటూరు నుంచి పిలిపించి పరీక్ష చేయించాం. చిన్నదానికి డాక్టరమ్మ పట్టుబడితే చేయించాం.

అన్నయ్య కూతురిది కలవలేదు. చిన్నదానిది పూర్తిగా కలిసింది.

"చూసిన్రా డాక్టరమ్మా, మా దిక్కు పిల్లనే అక్కరకొచ్చింది" అన్నారు అత్తయ్యగారు.

"మీ దిక్కు సగమే అమ్మా. ఈ జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తాయి. అక్కకు వచ్చినవే చెల్లెలికీ వచ్చాయి. ముఖం పోలికతో పనిలేదు."

అత్తయ్యగారు పెద్దదాని వైపు తిరిగారు. "గట్లయితే పెద్దది సుత మా దిక్కే గదా."

ఇన్నేళ్లూ "మీ ఆంధ్ర పిల్ల" అంటూ పెద్దదాన్ని నా లెక్కలో వేసిన మనిషి, అమీర్‌పేట ఇంటికి చేరేదాకా ఆటోలో దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మీ ఇళ్లలో ఈ పోలికల పంపకం ఎవరు చేస్తారు?