పోయొస్త అనే మాట

షుగరు జబ్బుతో కళ్ళు పోయేనాటికి లాల్‌దర్వాజా బాలరాజ్‌కు నలభై నాలుగేళ్ళు. అంతవరకూ మహంకాళమ్మకు మొక్కి, గల్లీలో ఇంటింటికీ బర్రెపాలు పోసేవాడు. బాలింత ఉన్న ఇంట్లో ఓ గరిటెడు ఎక్కువే పోసేవాడు.

తమ్ముడు గోవర్ధన్ అతన్ని చూపులేనివాళ్ళకు పనులు నేర్పే కేంద్రాలకు తిప్పాడు. రెండుచోట్ల వయసు దాటిందన్నారు. మూడోచోట నెలరోజుల శిక్షణకు చేర్చుకున్నారు.

వాళ్ళింట్లో పక్క దుకాణానికి వెళ్తున్నా "పోయొస్త" అనే చెబుతారు. ఉత్తి "పోతున్న" అంటే ఇక తిరిగి రానట్టే లెక్క.

అన్నను ఆ కేంద్రంలో దింపి వెళ్తూ, గుమ్మం దగ్గర గోవర్ధన్, "అన్నా, పోతున్న" అన్నాడు.

"గట్లనకురా. పోయొస్త అను."

చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది.

"గాబరాల మర్శిండు గావచ్చు," అన్నాడు బాలరాజ్, నవ్వబోయి.

అక్కడ పని నేర్పే స్వరూపకూ చూపు లేదు. చాయ్ గ్లాసును అతని వేళ్ళకు తాకించింది. "వేడిగున్నది అన్నా, పైలం."

నెల నిండిన రోజు బాలరాజ్ స్నానం చేసి, బట్టలు సర్దుకుని పొద్దుటినుంచీ గుమ్మంలోనే కూర్చున్నాడు. సాయంత్రమైనా ఎవరూ రాలేదు.

"తమ్మునికి ఫోన్ చెయ్యమంటవా అన్నా?" అని అడిగింది స్వరూప.

"వద్దు చెల్లె. వాడు చెప్పే పోయిండు."