మూడు ఊళ్ల టాక్

శుక్రవారం పదకొండు గంటల ఆటకు లక్ష్మీకాంత్ హిందూపురం థియేటర్‌లో తెర పక్క గేటు దగ్గర, తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి కొత్త సినిమాకూ ఇలాగే నిలబడుతున్నాడు. అనంతపురంలోని ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుకు ఆయన రెప్రజెంటేటివ్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆయనకు అప్పగించిన ఊళ్లు. విడుదల రోజు ఒక్కో ఆటకు ఒక్కో ఊళ్లో ఉండి, జనం ఎక్కడ ఈల వేశారో, ఎక్కడ ఫోన్లు తీశారో, ఎక్కడ లేచి బీడీకి వెళ్లారో చూసి, సాయంత్రం ఓనరుకు ఫోన్‌లో చెప్పాలి. దాన్నే వాళ్లు టాక్ అంటారు. ఆ టాక్‌ను బట్టి ఏ ఊళ్లో సినిమా ఉంచాలో, ఏ ఊళ్లో ఎత్తేయాలో ఓనరు తేలుస్తాడు. తెర వైపు తిరిగితే తానూ సినిమాలో పడిపోతానని, ఎదుటి మొహాలు కనిపించవని లక్ష్మీకాంత్ మొదటినుంచీ తెర చూడడు.

ఆయనకు యాభై ఏడేళ్లు. పుట్టింది ధర్మవరంలో, మగ్గం ఉన్న ఇంట్లో. ఇరవై ఆరేళ్ల వరకు మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఇప్పుడు మోకాళ్లు ఆ గుంటలోకి దిగనివ్వవు. బస్సు మెట్లు ఎక్కడానికే కడ్డీ పట్టుకుంటాడు.

పోయిన నెల ఆయన టాక్ తప్పింది. ఒక కుటుంబ సినిమాకు ఆడవాళ్లంతా కర్చీఫులు తీశారని, ఏడుపు బాగా పట్టిందని, మూడు వారాలకు తగ్గదని చెప్పాడు. ఆ రోజు థియేటర్‌లో ఏసీ పనిచేయడం లేదు. వాళ్లు తుడుచుకున్నది చెమట. సినిమా నాలుగో రోజున పోయింది. ఓనరు ఆదినారాయణ ఆఫీసుకు పిలిపించి, కూర్చోమనకుండానే చెప్పాడు: "ఫోన్లోనే ఎన్ని సీట్లు నిండినాయో చూసుకుంటాండా లక్ష్మీకాంతూ. ఇంగ నువ్వెందుకని ఇంట్లో పిల్లోళ్లు అడుగుతాండారు. ఇంకొక్క తప్పు జరిగితే నేనేం చెప్పలేను."

ఈసారి వచ్చింది డబ్బింగ్ సినిమా. పేరు 'రక్తఘంట'. ఎక్కడో తూర్పు దేశంలో గంటలు పోతపోసే ఊరు. పన్నెండు మంది దుర్మార్గులు ఒక అమ్మాయి అన్నదమ్ములను చంపుతారు. ఆమె కత్తి నేర్చుకుని ఒక్కొక్కరినీ వెతికి నరుకుతుంది. కథ అంతే. నరకడం మాత్రం నాట్యంలా ఉంటుందని, రక్తం పిండిమిల్లులో తెల్లటి పిండి మీద ముగ్గులా పడుతుందని వాల్‌పోస్టర్లు అంటించినవాడు చెప్పాడు.

హిందూపురం జనానికి సినిమా మొదటి పది నిమిషాల్లోనే ఎక్కింది. తల తెగినప్పుడల్లా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేల టికెట్టు వాళ్లు తెలుగులో, వెనక బాల్కనీలో మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్లు కన్నడంలో. ఒకటి, ఒందు. రెండు, ఎరడు. ఐదో తల దగ్గర రెండు గుంపులకూ లెక్క తేడా వచ్చింది.

"ఐదు గాదప్పా, ఆరు. నీళ్లలో పడినోణ్ణి మరిస్తివే."

"వాడు సచ్చినాడని నీకు చెప్పిరా? మల్లా లేస్తాడు సూడు."

ఈ గొడవ జరుగుతున్నప్పుడే తెర మీద వైద్యుడెవరో అమ్మాయికి ఏదో చెప్పాడు. ఆ మాట ఎవరికీ వినపడలేదు. లక్ష్మీకాంత్ చిన్న పుస్తకంలో "లెక్క, రెండు భాషలు, బాగుంది" అని రాసుకున్నాడు.

చివరి పోరాటం మొదలైన అర నిమిషానికి శబ్దం ఆగిపోయింది. కత్తి చప్పుడు లేదు, అరుపు లేదు, సంగీతం లేదు. ఎదురుగా మొహాల మీద తెర వెలుగు మాత్రం కదులుతోంది. బొమ్మ నడుస్తోందన్నమాట, శబ్దమే పోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఇలా ఎన్నిసార్లు పోలేదు.

"ఏయ్ ఆపరేటరూ, సౌండ్ బిడో," అని బాల్కనీలోంచి ఎవరో కన్నడంలో అరిచారు.

"నిద్రపోతాండాడు. చాయ్ ఇచ్చి లేపండప్పా."

"సౌండు లేకపోతే సగం దుడ్లు వాపస్ ఇయ్యి."

నీళ్ల సీసా ఒకటి తెర దగ్గర పడింది. లక్ష్మీకాంత్ గోడ పట్టుకుని క్యాబిన్ మెట్లెక్కాడు. ఆపరేటర్ జయరాముడు మెషిన్ ముందే ఉన్నాడు. మంచి పనిమంతుడు, పద్దెనిమిదేళ్లుగా అదే క్యాబిన్‌లో ఉన్నాడు.

"మెషిన్ బాగానే ఉండాదన్నా. అన్నీ పచ్చ లైట్లే."

"మరి సౌండేదిరా?"

"నాకూ తెలీలే. వాల్యూం ఏడులో ఉండాది."

"పదికి పెట్టు."

"పది ఎప్పుడూ పెట్టలేదన్నా. పాత స్పీకర్లు."

"కింద కుర్చీలు ఇరగ్గొడతాండారు. పెట్టమంటే పెట్టు, నేనుండా గదా."

జయరాముడు పెట్టాడు. అయినా ఏమీ వినపడలేదు. కింద కేకలు పెరిగాయి. మరో అయిదు నిమిషాల తర్వాత తెర మీద పెద్ద కంచు గంట ఒకటి తెగి, పన్నెండో దుర్మార్గుడి మీద పడింది. ఆ గంట శబ్దం పదిలో వచ్చింది. క్యాబిన్ అద్దం అదిరింది. తెర వెనక ఎడమవైపు స్పీకరు పటేలుమని పగిలి, పొగ వచ్చింది. జనమంతా లేచి నిలబడి ఈలలు వేశారు. అది సినిమాలో భాగమే అనుకున్నారు. అంత పెద్ద ఈల ఆ థియేటర్‌లో ఈ మధ్య పడలేదు. కాలిన వాసన వచ్చాక గానీ బయటికి నడవలేదు.

థియేటర్ యజమాని తెర వెనక నుంచి వచ్చి జయరాముడి వైపు చూశాడు. లక్ష్మీకాంత్ పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. పెనుకొండ బస్సుకు టైమయింది, పెట్టమన్నది నేనేనని సాయంత్రం చెబుదాం అనుకున్నాడు.

గేటు బయట నరసప్ప అనే ముసలాయన కంబళి మడిచి భుజాన వేసుకుంటున్నాడు. పొద్దున సంతలో గొర్రెలు అమ్మి, ఊరి బస్సు దొరికేదాకా సినిమాలో కూర్చున్నాడు. లక్ష్మీకాంత్ ఆయన చెవి దగ్గరికి వంగి అడగాల్సి వచ్చింది.

"ఎట్లుండాది పెద్దాయనా? మధ్యలో సౌండు పోయింది గదా?"

"పోయిందా? నాకు తెల్దప్పా. నాకు ఎప్పుడూ అట్లనే ఉంటాది." చెవి మీద చేత్తో తట్టుకున్నాడు. "ఆయమ్మకూ అంతే గదా. తలమీద కొట్టినారు, చెవులు పొయినాయి. ఇంగ ఏమీ ఇనపడదని డాక్టరు ఇట్ల చెయ్యి తిప్పి చెప్పినాడు. నువ్వు సూళ్లేదా?"

లక్ష్మీకాంత్ చూడలేదు. అమ్మాయికి చెవులు పోయాయి కాబట్టి ఆమెకు ఎలా ఉంటుందో అలా చూపించాలని, తీసినవాళ్లే చివరి పోరాటంలో ఏడు నిమిషాలు శబ్దం తీసేశారు. మెషిన్ చెడలేదు, జయరాముడి తప్పు లేదు. పదికి పెట్టించింది తను.

పెనుకొండలో దిగేసరికి రెండున్నర. కొండ కింద ఎండ కళ్లలో కొడుతోంది. థియేటర్ మేనేజర్ గంగప్పను అడిగి పాత వాల్‌పోస్టర్ ఒకటి తిరగేసి, వెనక స్కెచ్ పెన్నుతో రాశాడు: "చివరి ఫైటులో ఏడు నిమిషాలు శబ్దం రాదు. మెషిన్ చెడిపోలేదు. సినిమా అంతే."

గంగప్ప చదివాడు. "ఏందప్పా ఇది, కరెంటాఫీసు నోటీసు మాదిరి. ముందే చెప్తే కథ చెప్పేసినట్ల గాదా?"

"చెప్పకపోతే నీ స్పీకరు పోతాది."

"అయితే ఇంకొంచెం పెద్దక్షరాలతో రాయి."

దాన్ని గేటు దగ్గర అంటించి, లోపలికి పోయి తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. సగం హాలు నిండింది. ఇంటర్వెల్‌లో ఫోన్ మోగింది. జయరాముడు.

"అన్నా, రేపట్నుంచి రావద్దంటాండారు. నువ్వు చెప్పినావని నేను చెప్పలే. నువ్వే చెప్తావేమోనని చూస్తాండా."

"సాయంత్రం మాట్లాడతా ఉండు."

"సాయంత్రానికి ఇంకో మనిషిని మాట్లాడుకుంటారు గదన్నా."

"చెప్తానంటి గదా జయరామా," అని పెట్టేశాడు.

చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఇంకొక్క తప్పు అన్నాడు ఓనరు. ఇది చిన్న తప్పు కాదు. చెప్పకపోతే, ఫోన్‌లో మూడు ఊళ్ల టాక్ చెప్పి పడుకోవచ్చు. సోమవారం మళ్లీ పని ఉంటుంది.

చివరి ఫైటులో శబ్దం ఆగినప్పుడు పెనుకొండ హాల్లో ఎవరూ అరవలేదు. గేటు దగ్గరి నోటీసు చదివి వచ్చారు. ఒక నిమిషం ఊరికే కూర్చున్నారు. మూడో వరసలో ఒకాయన మెల్లగా నోటితో కత్తి శబ్దం చేశాడు. పక్కనాయన దెబ్బ తిన్నవాడి మూలుగు అందుకున్నాడు. కాసేపటికి హాలంతా సినిమాకు శబ్దం పోస్తోంది. ఒక మూల కత్తులు, ఒక మూల గుర్రాలు. రక్తం చిమ్మినప్పుడు పిచికారీ చప్పుడు చేస్తున్నవాడిని చూసి ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. తెర మీద మనుషులు తునకలవుతున్నారు, కింద జనం పొట్ట పట్టుకుంటున్నారు.

"ఒరే, చెయ్యి తెగినోడు అంతసేపు అరుస్తాడా? నిలుపు."

"నీకేం, సొంతూరోడు గాదు గదా."

ఇది హిట్టో ఫట్టో లక్ష్మీకాంత్‌కు తేలలేదు. పుస్తకంలో "నవ్వు" అని రాసి, కొట్టేసి, "ఆదివారం దాకా" అని రాశాడు.

ధర్మవరంలో ఫస్ట్ షో ఆరుంబావుకు. అలాంటి నోటీసే ఇంకొకటి రాసి గేటు దగ్గర అంటించాడు. ఇంత నరుకుడు సినిమాకు ఆడవాళ్లు రారనుకున్నాడు గానీ మగ్గాల ఇళ్లనుంచి పదిహేను, ఇరవై మంది వచ్చారు. ఆ సాయంత్రం మగ్గాల వీధుల్లో కరెంటు కోత ఉందట, చీకట్లో నెయ్యలేక వచ్చారు.

ఇక్కడ ఎవరూ తలలు లెక్కపెట్టలేదు. ఈలలు తక్కువ. శబ్దం ఆగినప్పుడు హాల్లో దగ్గు కూడా లేదు. లక్ష్మీకాంత్ ఫోన్ వెలుగులు లెక్కపెట్టాడు. మొదట రెండు. తర్వాత అవీ ఆరిపోయాయి. ఆయన వృత్తిలో ఇంత నిశ్శబ్దమంటే సినిమా పోయినట్టే. కానీ మొహాలు అలా లేవు. ఓ ముసలామె తన కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. పక్కన కోడలూ పట్టుకుంది. నాలుగు వరసల్లో ఏడెనిమిది మంది భుజాలు పట్టుకుని ఉన్నారు.

లక్ష్మీకాంత్ వెనక్కి తిరిగాడు.

తెర మీద అమ్మాయి పదో మనిషి ముందు నిలబడి ఉంది. కత్తి ఎత్తడానికి చెయ్యి రావడం లేదు. రెండో చేత్తో భుజాన్ని నొక్కి, మోచేతిని కిందనుంచి పైకి నెట్టి ఎత్తుతోంది. ఎత్తింది, కొట్టింది, మళ్లీ చెయ్యి జారింది. పదకొండోవాడు వస్తున్నాడు. లక్ష్మీకాంత్ సినిమా అయ్యేదాకా అటే చూస్తూ ఉండిపోయాడు. ఆ రెండు నిమిషాలకు పుస్తకంలో ఏమీ లేదు.

గేటు దగ్గర ఆ అత్తాకోడళ్లను ఆపాడు. అత్త నాగమ్మ, కోడలు ఈశ్వరి.

"ఎట్లుండాదమ్మా?"

"రక్తం శానా ఎక్కువన్నా," అంది ఈశ్వరి. "కానీ ఆ పిల్ల చెయ్యి ఎత్తలేక ఎత్తుతాది చూడు, అది నిజం. సాయంత్రానికి మాకూ అంతే."

"పన్నెండు మందిని నరికినాక అన్నం తినిందా లేదా చూపియ్యలే," అంది నాగమ్మ. "పొద్దన్నుంచి ఏమీ తినలే ఆ పిల్ల. నేను చూస్తానే ఉండా."

"మల్లా చూస్తారా?"

"తాడిమర్రి నుంచి మా చెల్లెలు వస్తాది ఆదివారం," అంది ఈశ్వరి. "దాన్ని తోలుకొస్తా. ఏంటికి, నువ్వు తీసినావా సినిమా?"

"లేదమ్మా. అడుగుతాండా అంతే."

"తీసింటే ఆయమ్మకు అన్నం పెట్టమని చెబుదామని," అని నాగమ్మ మెట్లు దిగింది.

స్టేషన్ రోడ్డులో టీ చెప్పి, తాగకముందే ఓనరుకు ఫోన్ చేశాడు.

"చెప్పు లక్ష్మీకాంతూ."

"పెనుకొండ ఆదివారం దాకా సార్. తర్వాత ఎత్తేద్దాం. హిందూపురం రెండు వారాలు. ధర్మవరం ఎత్తొద్దు, మూడు వారాలు."

"ధర్మవరమా? ఈలలే పడలేదంట. ఫోన్లో సగం సీట్లు ఖాళీగా చూపిస్తాండాది."

"ఈల పడలే సార్. మల్లా వస్తారు. ఆడవాళ్లు వస్తారు."

"ఈ సినిమాకు ఆడవాళ్లా? సరే, చూద్దాం. హిందూపురంలో ఆ ఆపరేటర్ స్పీకరు కాల్చినాడంటనే. మన సినిమా ఆడేకాడ అట్లాంటోళ్లని పెట్టుకుంటే ఎట్ల? తీసేయమన్నా."

టీ అతను గ్లాసు ముందు పెట్టి వెళ్లాడు.

"వాడు గాదు సార్. పదికి పెట్టమన్నది నేను. వాడు వద్దనే అన్నాడు."

"నువ్వెందుకు పెట్టమన్నావు?"

"సౌండు పోయిందనుకున్నా."

"పోయిందా లేదా తెర చూస్తే తెలీదా?"

"చూళ్లేదు సార్."

అవతల ఆదినారాయణ ఇంట్లో టీవీ వినబడుతోంది.

"ముప్పై ఏండ్లుగా సినిమా చూడకనే టాక్ చెప్తాండావా?"

"జనాన్ని చూస్తా సార్."

"థియేటరోళ్లకు ఏం చెప్పుకోవాల నేను? మన మనిషే కాల్చినాడని చెప్పుకోవాలనా?" గొంతు పెంచలేదు. "సరేలే. ఆ ఆపరేటర్‌ను ఉంచమని చెప్తా. నువ్వు ఆదివారం దాకా చూసుకో. సోమవారం వచ్చి పాసులు, ఐడీ కార్డు ఇచ్చిపో."

"సరే సార్."

టీ తాగి, జయరాముడికి ఫోన్ చేసి రేపు పనిలోకి పొమ్మన్నాడు. ఎలా ఒప్పుకున్నారని జయరాముడు అడిగాడు. ఒప్పుకున్నారులే అన్నాడు. తను ఎక్కాల్సిన హిందూపురం రైలు నలభై నిమిషాలు ఆలస్యమని స్టేషన్‌లో చెబుతున్నారు.

శనివారం పదిన్నరకు జయరాముడు క్యాబిన్ తెరిచాడు. పెనుకొండలో సినిమా ఆదివారం రాత్రి ఆటతో పోయింది. సోమవారం లక్ష్మీకాంత్ అనంతపురం వెళ్లి పాసులు, కార్డు ఇచ్చి వచ్చాడు. ధర్మవరంలో ఆ సినిమా ఇరవై మూడు రోజులు ఆడింది.