సిగ్నల్ దొరికే మలుపు

మా ఊరి మట్టిదారి వచ్చి తారురోడ్డులో కలిసేచోట ఒక మలుపు ఉంది. అక్కడ 'హారన్ కొట్టుము' అని బోర్డు. ఎవరు పెట్టారో గానీ, మన జనం తు.చ. తప్పకుండా పాటించే బోర్డు బహుశా అదొక్కటే. ఉమ్మరాదు అన్న చోటే ఉమ్మేవాడు కూడా ఇక్కడికొచ్చేసరికి పెద్దమనిషైపోయి హారన్ మీద పెట్టిన చెయ్యి తీయడు. అరకు చూడ్డానికొచ్చే కార్లయితే మరీను. మలుపు దాటాక కూడా కొడతాయి, దాటామన్న సంతోషంతో.

నాకెందుకీ గొడవంటే, డుంబ్రిగుడ దాటాక మా వైపు ఫోనుకి సిగ్నల్ దొరికేది ఆ మలుపు ఒక్కచోటే. ఊళ్ళో లేదు. కింద డుంబ్రిగుడ సంతలో ఉంది గానీ అక్కడ నన్ను ఎరగనివాళ్ళు లేరు. మనసు బాగాలేదని ఎవరికైనా ఫోన్లో చెప్పుకోవాలంటే నాకు మిగిలింది ఆ బోర్డు కింద నాలుగడుగుల జాగా. పక్కనే ఒక టీ బడ్డీ.

కిందటి వానాకాలంలో మా తమ్ముడు తనంతట తానే పోయాడు. ఇరవై నాలుగేళ్ళవాడు. ఎందుకన్నది మాకెవరికీ తెలియదు. అప్పటికి నేను విశాఖపట్నంలో ఒక కాల్ సెంటర్లో చేస్తున్నాను. సొంత ఫోను గుమ్మం దగ్గర లాకర్లో పెట్టేసి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫోన్లెత్తి 'మీకు ఏవిధంగా సహాయపడగలను' అని అడగడం నా పని. డిగ్రీ చదివినందుకు దొరికిన ఉద్యోగం. తమ్ముడు పోయాక ఆ వాక్యం నోట్లోంచి రావడం మానేసింది. నేను ఉద్యోగం మానేసి అమ్మ దగ్గరికి వచ్చేశాను. నిద్ర కూడా నాతోపాటే రాజీనామా ఇచ్చింది. అన్నం సయించేది కాదు. కొన్నాళ్ళకి, తమ్ముడు వెళ్ళిన దారి అంత దూరమేమీ కాదనిపించడం మొదలైంది. అమ్మకి ఇక మిగిలింది నేనొక్కణ్ణే. అందుకని, నన్ను పట్టి ఆపేవాళ్ళెవరైనా దొరుకుతారేమోనని వెతకడానికి బయల్దేరాను.

మొదట విశాఖలోనే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. మెత్తటి కుర్చీ, కళ్ళు తుడుచుకోవడానికి కాగితాల పెట్టె. "మీ తమ్ముడితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" అని ఆవిడ మెల్లగా అడిగారు. నేనొక జోకు వేశాను. ఆవిడ నవ్వారు. ఆ నవ్వు సర్దుకునేలోపు టైం అయిపోయింది. అలాంటివి కనీసం పన్నెండు గంటలు కావాలన్నారు. ఒక్కో గంటకీ మా అమ్మ వారం రోజులు కాఫీ పళ్ళు ఏరాలి. నా మనసు కోసం అమ్మ నడుముని అంతగా వాడుకోవడం భావ్యం కాదనిపించింది.

సర్కారు ఆసుపత్రిలో మాత్రలు ఊరికే ఇచ్చారు. డాక్టరు గారు మంచాయన. "డిప్రెషన్. భయపడకు, తగ్గుతుంది. మాత్రలతోపాటు ఎవరితోనైనా మాట్లాడుతూ ఉండు" అన్నారు. ఎవరితో అన్నది మాత్రం చీటీలో రాయలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లో ఎండబోసిన కాఫీ దగ్గర కూర్చుని ఉంది. డాక్టరు చెప్పిన మాట చెప్పాను.

"డిప్రెసనా?" అని తలెత్తి ఆకాశం వైపు చూసింది. "ఎప్పుడొత్తాదంట?"

మా ఇళ్ళల్లో ఆ మాటకి ఒకటే అర్థం. బంగాళాఖాతంలో వాయుగుండం. నాలుగు రోజుల ముసురు. ఎండాల్సిన కాఫీ బూజు పట్టడం. నేను నోరు తెరిచేలోగా అమ్మ లేచి గింజలు ఎత్తడం మొదలుపెట్టింది.

"సూత్తన్నావేటి, పరదా అట్టుకురా, బేగి!"

తెచ్చాను. మబ్బు తునకైనా లేని ఆకాశం కింద, చురచుర కాలే ఎండలో, ఇద్దరం గింజలన్నీ కుప్ప చేశాం. అది వచ్చేసిందమ్మా, ఇంట్లోనే ఉంది అని చెబుదామనుకున్నాను. ఎప్పుడూ పరదా రెండో కొస పట్టుకునేది తమ్ముడు. అమ్మ అలవాటుగా ఎదటివైపు చూసి, నా చేతుల దగ్గర ఒక్క క్షణం ఆగి, తన వైపు కొస ముడి వేసింది.

ఆఖరికి మా ఊరి ఆశా కార్యకర్త ఒక హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చింది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారంది. ప్రతి ఆదివారం పొద్దున్నే మలుపు దగ్గరికి దిగి ఆ నంబరుకి చేసేవాణ్ణి. అవతలివాళ్ళు ఓపికగా వినేవాళ్ళు. చిక్కల్లా ఒక్కటే, వారానికో కొత్త గొంతు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పుకురావాలి. ఇలాంటి చోట ఎవరికి తగిలిన ఫోను వాళ్ళే ఎత్తుతారని నాకంటే బాగా తెలిసినవాడెవడు?

నాలుగైదు వారాలకి నా దుఃఖం అరిగి నునుపు తేలింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో తెలిసిపోయింది. మధ్యలో హారన్ మోగితే "అయ్యో, డ్రైవింగ్‌లో ఉన్నారా అండీ?" అనేవాళ్ళు. "లేదండీ, అది మా ఊరి కోకిల" అనేవాణ్ణి. "మీరు భలే సరదాగా మాట్లాడతారండీ" అని మెచ్చుకుందొకావిడ. తమ్ముడితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారని అందరూ అడిగేవాళ్ళు. వేసవి మొదట్లో, మా కొండ ఊళ్ళ ఇటుకల పండక్కి అని చెప్పేవాణ్ణి. అబద్ధం కాదు. మాట్లాడింది అప్పుడే.

నిద్ర మాత్రం రాలేదు.

టీ బడ్డీ ఆవిడది విజయనగరం వైపు. ఆ వైపు అక్కని అప్ప అంటారు కాబట్టి నేనూ అప్పా అనే పిలుస్తాను. నేను ఫోను పెట్టేసేసరికి టీ పోసి ఉంచుతుంది. మొన్న ఆదివారం కూడా పోసింది.

"అయిపోనాదేటి బావూ?"

"అయిపోయిందప్పా. ఈవారం మేడమ్ కొత్తావిడ."

"ఆవిడకి కొత్త. నాకు కాదు గదా. ఇన్ని వారాలై ఇంటన్నాను, నాకు నోటికొచ్చీసింది. ఆ కోకిల మాట ఇయ్యేల ఇంకా బాగా సెప్పినావు."

"అయితే నీకూ ఫీజివ్వాలి."

"ఎటకారం కట్టిపెట్టు." పొయ్యి మంట తగ్గించింది. "ఆకరి రోజు మీ తమ్ముడూ ఇక్కడే టీ తాగినాడు. గ్లాసు కడిగి, బోర్లించి మరీ ఎల్లినాడు. ఎన్నడూ కడగనోడు."

కారొకటి వచ్చింది. బోర్డు ప్రకారం హారన్ కొట్టి వెళ్ళింది. నాకొక జోకు నోటిదాకా వచ్చింది. మంచిదే.

"నువ్వు నిల్సున్న సోటే నిల్సొని నీకు మూడుసార్లు ఫోన్ సేసినాడు, నువ్వెత్తనేదు. అది ఒక్క మేడమ్‌కీ సెప్పనేదు నువ్వు."