చేతులు దించని మా అత్త

మా అత్త పోయిన వార్త నాకు శబ్దం లేకుండా వచ్చింది.

ఆ ఉదయం బెళుగుప్పలో ఒక ప్రార్థన కూటంలో వాక్యం చెబుతున్నాను. చేతిలో మైకు, షామియానా కింద జనం, గొంతు మంచి ఊపు మీద ఉంది. జేబులో ఫోను వణికింది. ఊరుకున్నాను. మళ్లీ మళ్లీ వణికింది. తీసి చూస్తే నా కూతురు పంపిన వీడియో. పుట్టుకతోనే ఆమెకు వినబడదు, అందుకని మా ఇంట్లో మాటలు చేతులతోనే. వీడియోలో ఆమె చూపుడు వేలితో ముక్కు పక్కన తాకింది. ముక్కుపుడక. అంటే అవ్వ, మా అత్త. తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉంచేసింది. చేతులు ఒళ్లోకి చేరాయంటే మా ఇంట్లో మాట అయిపోయిందని అర్థం.

మైకు పక్కన పెట్టేశాను. ముందు వరసలో ఒకాయన "ఏమప్పా, కరెంటు పోయినాదా?" అన్నాడు. కరెంటు పోలేదు. మా ఇంటికి ఇంత కరెంటు తెచ్చిన మనిషి పోయింది.

సహోదరులారా, సహోదరీలారా, నేను ఏడుస్తూ రాయడం లేదు. ఉండబట్టలేక రాస్తున్నాను. ఫోను సాతాను పెట్టె అని బల్ల గుద్ది చెప్పే బోధకులు మనలో ఉన్నారు. వాళ్లను మా ఇంటికి రమ్మంటున్నాను. వచ్చి వినమనడం లేదు, చూడమంటున్నాను!

అత్త మా నాయనకు చెల్లెలు. మామ పోయాక కూడా గాజులు, ముక్కుపుడక తీయకుండా, మా ఇంటి పక్క గదిలోనే ఉంటూ గొర్రెలు కాసుకునేది. చదువు లేదు. నాకూ బడి చదువు లేదు కానీ, వాక్యపుస్తకం ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా చంకలోంచి దిగదు. అత్త దాన్ని చూసి నవ్వేది. "నీ పుస్తకానికి చంకే ఇల్లయిపోయినాది. నా ఫోనుకు మాత్రం రైకలో చోటుండాది" అనేది.

ఆ ఫోను ఎందుకు కొన్నదో చెప్పాలి. మా కంబదూరు పక్క వేరుశనగ విత్తనం వేసే ముందు ఇంటింటా చెనక్కాయలు వొలుస్తాం. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి చుట్టూ కూర్చుంటారు. మధ్యలో కాయల కుప్ప, చేతులు పనిలో, నోళ్లు ముచ్చట్లలో. వినబడేవాళ్లకు అదొక పండగ. నా కూతురికి? అందరి పెదవులూ ఆడుతుంటాయి. ఒక్కసారిగా అందరూ నవ్వుతారు. ఎందుకో తెలియక ఆమె కూడా నవ్వుతుంది. మళ్లీ తల దించుకుని వొలుస్తుంది. అందరికంటే ముందు ఆమె చాటే నిండేది.

"పిల్ల భలే పనిమంతురాలు" అని పొరుగామె మెచ్చుకుంది.

అత్త చేతిలో కాయలు కుప్పలోకి విసిరికొట్టింది. "పనిమంతురాలు కాదే. మాట్లాడేవాళ్లు లేరు దానికి!"

ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. నేను పిల్ల తల మీద నూనె రాసి ప్రార్థన చేస్తున్నాను, ఊరంతా వినబడేటట్టు. ఆమేన్ అనేదాకా నిలబడింది.

"ప్రార్థన చెయ్, వద్దనలా," అంది. "దేవుడు జవాబు చెప్పేలోగా పిల్లతో మాట్లాడేదెట్లో మనం నేర్చుకుందాం. నీ గొంతు కంబదూరు దాకా ఇనపడతాది. నీ బిడ్డకు ఇనపడదు గదరా."

నేను చాలా ప్రసంగాలు విన్నాను, చాలా చెప్పాను. నన్ను నిలబెట్టి కొట్టిన ప్రసంగం అదొక్కటే.

తర్వాతి సంతలో పొట్టేలును అమ్మి ఫోను తెచ్చింది. ఊళ్లో ఒకటే ఎగతాళి.

"ఏమక్కా, పొట్టేలును ఇచ్చి ఫోను తెస్తివంట? దానికి మేతేమేస్తావు?"

"కరెంటు మేస్తాదిలే. నీ మాదిరి పక్కోళ్ల సేన్లో పడి మేసేది కాదు!"

అక్షరం రాని మనిషి ఫోనుతో ఏం చేస్తుందని మీరు అడగవచ్చు. దానితో మాట్లాడింది! మైకు బొమ్మ మీద వేలు పెట్టి, మనిషితో చెప్పినట్టే చెప్పింది: "నాయనా, ఇనపడని పిల్లోళ్లు చేతులతో మాట్లాడతారంట గదా, అది సూపించు. నిదానంగా సూపించు, నాకు వయసైనాది." ఫోను చూపించింది. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక తెల్లామె చేతులు తిప్పుతూ కనబడింది. అత్త ఫోనును కాయల గంపకు ఆనించి, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుంది. మొదటి రోజు నేర్చుకున్నది 'అమ్మ', 'నీళ్లు', 'ఇంకా'. నా కూతురు 'ఇంకా' అనే గుర్తును పట్టుకుని వదల్లేదు. ఇంకా, ఇంకా, ఇంకా!

దాంతో ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. చెనక్కాయలు వొలిచేటప్పుడు ఎవరైనా ముచ్చట చెప్పాలంటే కాయలు ఒళ్లో పెట్టి చేతులతో చెప్పాలి. చేతకానివాళ్లు నోరు మూసుకుని వొలవాలి. నా భార్య వారంలో పట్టేసింది. పొరుగువాళ్లు గొణిగారు.

"ఇట్లయితే ఎప్పటికి వొలిచేది? వానొస్తే ఇత్తనాలు యాడుండాయి?"

"మన ఊరికి వాన ఎప్పుడు తొందరపడి వచ్చినాదిలే!" అంది అత్త. "నిదానంగా మాట్లాడుకుందాం."

అందరికీ పేర్లు పెట్టింది నా కూతురే. అవ్వకు ముక్కుపుడక. నాకేం పెట్టిందో తెలుసా? పిడికిలి నోటి ముందు పట్టుకుని, నోరు ఇంతగా తెరవడం. మైకు! కుప్ప చుట్టూ కూర్చున్నవాళ్లందరూ నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వుతున్నారో ఆమెకు తెలుసు, నవ్వించింది ఆమే కాబట్టి. ఆ నవ్వు చూసి నేను లోపలికి వెళ్లి మోకరించాను. ఆరోజు గొంతెత్తలేదు. మంచిదే అయింది.

లేఖనాల్లో మూగబోయిన ఒక యాజకుడున్నాడు. బిడ్డ పేరు చెప్పడానికి నోరు లేక పలక అడిగాడు. ఆ మాట ఎన్నిసార్లు చదివినా పలక మీద నా దృష్టి పడలేదు. అత్త ఫోను చూశాక పడింది. దేవుడు నోరే ఇవ్వాలా? పలకా ఇస్తాడు! ఇచ్చినప్పుడు దాన్ని దయ్యమని తోసెయ్యకండి.

ఇప్పుడు మా ఇంటి పెద్ద పొరపాటు వినండి. సంఘంలో ఒకామె ద్వారా అనంతపురంలో చెవిటి పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మ నంబరు దొరికింది. వీడియో కాల్ చేశాం. నా కూతురికి తల దువ్వి, కొత్త పావడా వేసి కూర్చోబెట్టాం. ఆమె ఆత్రంగా తన పేరు, ఊరు, గొర్రెలు, చెనక్కాయలు అన్నీ చేతులతో చెప్పేసింది. టీచరమ్మ కళ్లు చిట్లించి చూసింది. ఆమె వెనక ఉన్న పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు.

"అమ్మా, మీరు నేర్చుకున్నవి మన పిల్లలు వాడే గుర్తులు కావు. ఇవి అమెరికా వాళ్లవి," అంది టీచరమ్మ మెల్లగా.

అత్త నోరు తెరిచింది. "చేతుల్లో గూడా ఇంగ్లీషు చెయ్యి, మన చెయ్యి అని ఉండాయా తల్లీ?"

నేను నవ్వబోయాను. అప్పుడు నా కూతురు మొహం చూశాను. ఆ పిల్లల నవ్వు ఆమెకు అర్థమైంది. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుంది. ఆరోజు అన్నానికి పిలిస్తే రాలేదు. మర్నాడూ చేతులు వెనకే. మా మాటలు చూడకుండా కళ్లు మూసుకునేది. ఇన్నాళ్లూ తాను మాట్లాడిందంతా ఉత్తిదేనని అనుకుంది బిడ్డ. చెవులు లేని బిడ్డ చేతులు కూడా కట్టేసుకుంటే ఇంక మాకు దారేది? నేను గొంతెత్తి ప్రార్థించాను. అత్త ఫోను తీసింది.

మళ్లీ టీచరమ్మకే వీడియో కాల్ చేసింది, మనవరాలు కూర్చున్నచోటే, ఆమెకు కనబడేటట్టు.

"తప్పు నేర్చుకుంటే ఏమాయ, మళ్లా నేర్చుకుంటాం. ఇప్పుడు మావి మొద్దు చేతులు కాదులే," అంది. "అదట్లుండనీ. పదును అనేదానికి మీరు చెయ్యెట్ల పెడతారు తల్లీ?"

"పదునంటే తడి అనేనా?" అని టీచరమ్మ తడి గుర్తు చూపింది.

"తడి వేరే. పదును వేరే. వాన పడినాక మన్ను ఇత్తనానికి సరిపోయేటట్ల అయితాది సూడు, అది."

"దానికి మా దగ్గర లేదమ్మా. మీ ఇంట్లో ఉందా?"

అత్త ఓరకంట చూస్తున్న మనవరాలి వైపు తిరిగి, వాన, మన్ను, విత్తనం అని చేత్తో అడిగి, ఫోను ఆమెకు ఎదురుగా పట్టింది. ఊరకే పట్టుకుని నిలబడింది. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు. తెరలో టీచరమ్మ కూడా అలాగే చూస్తూ ఉంది.

నా కూతురు ఒక చెయ్యి ముందుకు తెచ్చింది. నేల మీద నుంచి చిటికెడు మన్ను తీసినట్టు తీసి, పిడికిట్లో నొక్కి, అరచెయ్యి తెరిచి చూపింది. మన్ను ముద్ద విడిపోకుండా నిలిచింది. మన్ను లేదు, కానీ నిలిచింది! ఆ గుర్తు ఏ వీడియోలోనూ లేదు. విత్తనానికి ముందు నేను చేన్లో చేసేది చూసి ఆమె సొంతంగా కట్టుకున్న మాట అది. టీచరమ్మ వెనక్కి తిరిగి పిల్లలందర్నీ పిలిచింది. ఫోను నిండా చిన్న చిన్న పిడికిళ్లు, మూసుకుంటూ, తెరుచుకుంటూ. అంతకు ముందు నవ్విన పిల్లలు నా బిడ్డ మాట నేర్చుకుంటున్నారు!

ఆ తర్వాత ఆ చేతులను ఎవరు ఆపగలరు? మన దేశపు గుర్తులు టీచరమ్మ నేర్పింది. మన చేను గుర్తులు అవ్వా మనవరాలూ కట్టి వీడియోలు తీసి పంపారు. చెనక్కాయకు ఊడలు మన్నులోకి దిగడం, ఎద్దులతో గుంటక తోలడం, వాన మోడం వచ్చి కురవకుండా ముఖం చాటేయడం. అత్త తన మొహం తీయనిచ్చేది కాదు. "నా మొహమెందుకప్పా, చేతులు సాలు" అనేది. అందుకే ప్రతి వీడియోలోనూ ఆమె గాజుల చేతులే ఉంటాయి. చివర్లో ఆపడానికి వేలు చాపుతుంది. ఆ వేలు దగ్గరికొచ్చి, పెద్దదై, తెరంతా కప్పేస్తుంది. ఆపే భాగం కత్తిరించడం నేర్పిస్తానని నా కూతురు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

వాక్యంలోని కథలు కూడా తీశారు. తప్పిపోయిన గొర్రె కథకు మా గొర్రెనే పెట్టారు. దాన్ని ఎంత తోలినా తప్పిపోదు, వచ్చి మేతగంప దగ్గరే నిలబడుతుంది. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "దీనికి అప్పుడే రక్షణ అయిపోయినాది, ఇంగోదాన్ని తోలుకురాపో" అంది. ఆ కథ నేను ఎన్నో ఊళ్లలో చెప్పాను. ఇంత సంతోషంగా ఎన్నడూ చెప్పలేదు.

ఈ ఎండాకాలం అత్తకు పక్షవాతం వచ్చింది. నోరు వంకర పోయింది, మాట పడిపోయింది. మంచం చుట్టూ బంధువులు చేరి "నీళ్లు కావల్నా?", "నొప్పుండాదా?" అని తలా ఒకటి అడుగుతున్నారు. ఆమె కళ్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. నేను తలాపున నిలబడి బిగ్గరగా ప్రార్థిస్తున్నాను. అప్పుడు నా కూతురు అందరినీ తోసుకుని వచ్చింది. అవ్వ కుడి చేతి వేళ్లు కదులుతున్నాయి కానీ చెయ్యి లేవడం లేదు. నా కూతురు ఆ మోచేతి కింద తన చెయ్యి పెట్టి పైకెత్తింది.

లేఖనాల్లో, యుద్ధం జరుగుతుంటే కొండ మీద ఒక ముసలాయన చేతులెత్తి నిలబడ్డాడు, చేతులు బరువెక్కితే ఇద్దరు అటూ ఇటూ ఆనుకుని పట్టుకున్నారు అని మనం చదువుకుంటాం. నేను కళ్లారా చూశాను!

వేళ్లు ఆడాయి. పిడికిలి వంకరగా నోటి దగ్గరికి పోయింది. అంటే నేను. నా కూతురు చదివి, కన్నీళ్లతో నవ్వుతూ, రెండో చేత్తో నాకు చెప్పింది. నేను అందరికీ నోటితో చెప్పాల్సి వచ్చింది: "మీ నాయనను అరవొద్దని చెప్పు. నాకు పోయింది నోరు, చెవులు కాదు."

ఊరంతటి మధ్యలో మాట లేక కూర్చున్న పిల్ల, ఊరికి మాట అందని అత్తకు నోరైంది. పోయేదాకా అదే వరస. మోచెయ్యి కింద చిన్న చెయ్యి, పైన గాజుల చెయ్యి.

అత్తను మట్టి చేసినరోజు నేను గొంతుతో సగం, చేతులతో సగం వాక్యం చెప్పాను. టీచరమ్మా పిల్లలూ ఫోనులో చూశారు.

నిన్న మా దిక్కు వాన పడింది. వొలిచిన విత్తనాలు సిద్ధంగా ఉన్నాయి. పొద్దున్నే చేన్లోకి వెళ్లి మన్ను తీసి పిడికిట్లో నొక్కాను. నా కూతురు గట్టు మీద కూర్చుని అవ్వ ఫోను తెరిచింది. తెరలో గాజుల చేతులు మన్ను తీశాయి, నొక్కాయి, తెరిచి చూపాయి. పదును. తర్వాత ఆ వేలు ఆపడానికి ముందుకొచ్చింది, పెద్దదవుతూ, ఇంకా పెద్దదవుతూ. నా కూతురు ఫోనును దగ్గరికి తీసుకుని, ఆ వేలికి తన నుదురు ఆనించింది.