మంచు ఎరుగని ఊళ్లో మంచుకు సిద్ధమైన ఏడాది

మొన్న మా అన్న మనవరాలు హిమాలయాల్లో పదిరోజుల నడకకు వెళ్తున్నానంటూ ఒక పార్సిల్ తెచ్చి నా ముందు విప్పింది. బూట్ల కింద తగిలించుకునే ఇనుప ముళ్లు, మోకాళ్ల దాకా వచ్చే తొడుగులు, అన్నీ ఆమె కొలతకే వచ్చాయి. వాటిని తడుముతుంటే, నా ముప్పై నాలుగో ఏట అమీర్‌పేటలో వీటి కోసమే నేను పడ్డ పాట్లు గుర్తుకొచ్చాయి. మన వయసు వాళ్లకు తెలుసు, అప్పట్లో ఈ నగరంలో మందపాటి ఉన్ని మేజోళ్లు దొరకడమే గగనం.

అంతకు ముందు ఏడాది ఆఫీసు వాళ్లతో, ఇప్పుడు ఈ పిల్ల వెళ్తున్న దారినే వెళ్లి, దాటాల్సిన కొండ కనుమ ఇంకా గంట దూరం ఉందనగా మంచులో దిగబడి, బూట్లలో నీళ్లు చేరి కాలివేళ్లు మొద్దుబారితే, వెనక్కి తిరిగింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా దాటారు. అదే నన్ను గుచ్చింది. మళ్లీ వెళ్లాలి, ఈసారి దాటాలి అని గట్టిగా అనుకున్నాను.

మాది నేతపని కుటుంబం. నగరానికి వచ్చాక అన్న టైలరింగ్ దుకాణం పెట్టుకున్నాడు. పెళ్లి జాకెట్లు కుట్టే మిషను మీద రెయిన్‌కోటు గుడ్డతో కాళ్లకు తొడుగులు కుట్టమంటే మొదట నవ్వాడు, నా కాలివేళ్ల సంగతి విన్నాక నవ్వు మానేశాడు. మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పాడు. కుట్లలోంచి నీరు దిగకుండా కొవ్వొత్తి మైనం రుద్ది, బకెట్టు నీళ్లలో నన్ను నిలబెట్టి చూశాడు. ముళ్ల కోసం సనత్‌నగర్‌లో తనకు తెలిసిన వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తే, అక్కడి పెద్దాయన నా బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచు నేనెన్నడు చూడలేదమ్మా. బండ మీద నూనె పోసినట్టుంటదా?" అని అడిగాడు. అవునన్నాను, అంతకన్నా బాగా నేనూ చెప్పలేకపోయాను. ఆ మాట పట్టుకునే ఆయన నా బూట్లకు తగిలించే ముళ్లు చేసిచ్చాడు.

రోజూ ఆఫీసుకు ముందు, సంచిలో ఇటుకలు వేసుకుని పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ ఎత్తు రోడ్డు ఎక్కేదాన్ని. సాయంత్రాలు ఐసుగడ్డల గిన్నెలో చేతులు ముంచి, కొంకర్లు పోయిన వేళ్లతోనే లేసులు ముడివేయడం నేర్చుకున్నాను. మళ్లీ వెళ్తానన్నందుకు కొన్నాళ్లు నాతో మాట్లాడని అమ్మ, తర్వాత ముడికి ఎంతసేపు పడుతుందో చూడటానికి తనే గడియారం పట్టుకుని పక్కన కూర్చునేది.

బయలుదేరే రోజు స్టేషన్‌లో అన్న ఒక్కటే మాట అన్నాడు: "దాటకపోయినా ఫికర్ లేదు చెల్లె. కాళ్లు మాత్రం మంచిగ తీస్కొని రా."

ఆ ఏడు మంచు ఇంకా ఎక్కువ పడింది. గడ్డకట్టిన వాలు మీద ఎడమ బూటు ముల్లొకటి విరిగింది. కాసేపు కదలలేకపోయాను. తర్వాత మిగిలిన ముళ్ల మీద బరువు మోపి, అడుగుకు రెండు ఊపిరుల చొప్పున ఎక్కాను. కనుమ మీద కూర్చుని తొడుగులు విప్పితే మేజోళ్లు పొడిగా ఉన్నాయి. అందరూ చుట్టూ కొండలు చూస్తుంటే, నేను నా మేజోళ్లు చూసుకుని ఏడ్చాను.

అన్న ఇప్పుడు లేడు. అన్న మనవరాలు ఫోన్‌లో, ఎవరో ఈ మధ్యే తీసిన ఆ కనుమ ఫోటో చూపించింది. నేను వెళ్లిన నెలేనట, మంచు జాడ లేదు, ఎక్కడ చూసినా నల్లటి రాళ్లే. నేను ఎక్కిన వాలు కోసం ఆ రాళ్ల మధ్య చాలాసేపు వెతికాను. గుర్తుపట్టలేకపోయాను.