అడ్డంకులు లేవు

మా బడి గేటు పక్క గోడకి ఒక నల్లబల్ల ఉంది. మధ్యలో తెల్ల రంగుతో నిలువు గీత గీయించి, ఎడమవైపు ‘వార్తలు’ అనీ, కుడివైపు ‘రాబోవు కార్యక్రమాలు’ అనీ రాయించాను. ప్రతి బడికీ అలాంటి బల్ల ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. రోజూ పేపరు చూసి దేశంలో ఏం జరిగిందో అందులో రాయాలట. మా ఊరికి పేపరే రాదు. అందుకని పిల్లల్నే అడిగేదాన్ని, ఊళ్ళో ఏమైందర్రా అని. రోజుకొకరు ఒక వార్త తేవాలి.

ఇక వార్తలకి కొదవేముంది! ఫలానావాళ్ళ గేదె ఈనింది, పెయ్యదూడ. బోరు పాడైంది, బాగుచేసేవాడు రేపొస్తానన్నాడు. జీడితోటలో కొండచిలువ కనబడింది. ఒకడు “మా మావ పెళ్ళిసూపులకెల్లి ఒట్టి సేతుల్తో వచ్చీసినాడు” అని వార్త తెచ్చాడు. అది మాత్రం రాయనివ్వలేదు. సాయంత్రానికల్లా ఆ మావ బడి మీదికొస్తాడని నా భయం. కుడివైపున నులిపురుగుల మాత్రలు ఎప్పుడిస్తారో, తల్లిదండ్రుల మీటింగు ఏ రోజో ఉండేవి.

ఆ బల్ల రాసేది నాలుగో తరగతి పిల్ల. బోర్లించిన బకెట్టు మీద నిలబడి, వరుస వంగకుండా, ఒత్తులు కూడా కుదురుగా రాసేది. రాశాక ప్రార్థన దగ్గర రేడియోలో చదివినట్టు గొంతు పెట్టి చదివేది. నేను ఇంటికి బయల్దేరేటప్పుడు గేటు దాకా వచ్చి “మేడమ్, రేపేటి రాయాల?” అని అడగని రోజు లేదు. తండ్రి సాలూరు లారీల మీద డ్రైవరు, నెలకి రెండుసార్లు ఇంటికొస్తే గొప్ప. తల్లి పొలం పనికి వెళ్తుంది. ఒక తమ్ముడు, అప్పటికి అంగన్‌వాడీలో ఉన్నాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మండలం అంతా అనుకుంటారు. పిల్లల మీదా, ఆఫీసు మీదా, ఆలస్యంగా వచ్చే రైలు మీదా చాలా కోపం ఖర్చుపెట్టాను. నా మీద నాకు కోపం రావడం మాత్రం ఈ మధ్యనే మొదలైంది.

విజయనగరం నుంచి పొద్దున్నే ప్యాసింజరులో చీపురుపల్లి దిగి, ఆటోలో హైస్కూలున్న పెద్ద ఊరు దాకా వచ్చి, అక్కణ్ణుంచి గెడ్డ దాటి మా బడికి నడుస్తాను. కొండల మీంచి దిగివచ్చే వాగుని మా వైపు గెడ్డ అంటాం. ఎండాకాలంలో అది ఇసుకదారి, దాని మీద ఎడ్లబళ్ళే పోతాయి. వానలు పడ్డాక అదే గెడ్డ మనిషిని నిలబడనివ్వదు. ఆ రోజుల్లో నేను ఆటోలో రోడ్డు మీంచి చుట్టూ తిరిగి వస్తాను. అంటే నాకు అన్నీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూల్లో కలుపుతారని ఆ వేసవిలో కబురొచ్చింది. ప్రతి బడి గురించీ ఒక ఫారం నింపాలన్నారు. మే నెల ఎండలో ఊరికి వెళ్ళి, పిల్లల వివరాలన్నీ రాసుకుని, తిరిగి మండల ఆఫీసుకి బయల్దేరాను. ఊరి చివరకి వచ్చేసరికి నా చెప్పు తెగింది. ఎదురుగా ఇసుక నిప్పులా ఉంది. ఆ నాలుగో తరగతి పిల్ల తల్లి గుమ్మంలోంచి చూసి పరుగున వచ్చింది.

“ఆ ఇసకలో ఒట్టికాళ్ళతో ఎలాగ ఎల్తారు మేడమ్? బొబ్బలెక్కిపోతాయి. నాయి ఏసుకోండి,” అని తన రబ్బరు చెప్పులు విప్పి నా కాళ్ళ ముందు పెట్టింది. మడమల దగ్గర అరిగిపోయి ఉన్నాయి. అవే వేసుకుని గెడ్డ దాటాను.

ఆఫీసులో కంప్యూటరు ముందు ఆపరేటరు ఒక్కో గడి చదువుతున్నాడు, నేను చెబుతున్నాను. హైస్కూలుకి దూరం? కిలోమీటరు లోపే. దారిలో వాగు, రైలు పట్టాలు, పెద్ద రోడ్డు లాంటి అడ్డంకులు ఉన్నాయా? ఉన్నాయంటే మళ్ళీ అక్కడికి వెళ్ళి, ఆ చోటు తెలిసేలా ఫొటో తీసి, ఊరి కమిటీ సంతకాలతో సహా పంపాలి. లేవంటే అక్కడితో సరి.

“గెడ్డ ఒకటుంది,” అన్నాను.

“ఇప్పుడు నీల్లున్నాయా మేడమ్?”

“చుక్క లేదు. ఇప్పుడే దాటి వచ్చాను.”

“మరింకేటి, లేవని కొట్టీమంటారా? సర్వరు మల్లీ పోతాది.”

కొట్టెయ్యమన్నాను. నాలుగింటి రైలుంది. ఎండ మండిపోతోంది. ఇవన్నీ ఎవరైనా అడిగితే చెప్పడానికి పనికొచ్చే కారణాలు. ఎవరూ అడగని కారణం ఇంకొకటుంది. అయిదు తరగతులకీ నేనొక్కదాన్నే టీచర్ని. ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దిస్తుంటే అయిదో తరగతి కొట్టుకుంటుంది; అయిదో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి గోడ దూకుతుంది. మూడు తరగతులు వెళ్ళిపోతే ప్రాణం హాయిగా ఉంటుందనుకున్నాను. ఆ ఫారం కింద సంతకం చేస్తున్నప్పుడు నాకు నిజంగానే సంతోషంగా ఉంది.

బడి తెరిచే ముందు ఊళ్ళో మీటింగు పెట్టాను. చెప్పులిచ్చిన తల్లే లేచి అడిగింది. “వానలొస్తే గెడ్డ సంగతేటి మేడమ్? పిల్లలెలాగ దాటుతారు?”

“అదంతా రాశానమ్మా. పైవాళ్ళు చూసుకుంటారు,” అన్నాను.

ఆమె కూర్చుంది. నా మాట మీద నమ్మకంతో మిగతావాళ్ళు కూడా ఇంకేమీ అడగలేదు. బడి తెరిచిన రోజు ఆ పిల్లే వచ్చి చివరిసారి బల్ల రాసింది. మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూల్లో కలిశాయని ఎడమవైపు రాయించాను. ముందు ‘శుభవార్త’ అని పెట్టించింది కూడా నేనే.

కాస్త ఉన్నవాళ్ళు పిల్లల్ని చీపురుపల్లి ప్రైవేటు బడి వ్యానెక్కించారు. ఇద్దరు హాస్టల్లో చేరారు. గెడ్డ దాటాల్సినవాళ్ళు ముగ్గురు మిగిలారు. ఇద్దరు కాస్త పెద్ద మగపిల్లలు, ఈదగలరు. మూడోది ఈ పిల్ల. ఒక్క పిల్ల కోసం ఏ ఆటో రోడ్డు మీంచి చుట్టూ తిరుగుతుంది? వానలు మొదలయ్యాక తల్లే పొద్దున్న వీపున ఎక్కించుకుని దాటించి, మళ్ళీ ఇటొచ్చి నాట్లకి వెళ్ళేది. సాయంత్రం మళ్ళీ అదే పని.

ఒక పొద్దున్న నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. రాళ్ళ మధ్య ఆమె కాలు ఇరుక్కుని ఒరిగిపోయింది. పడుతూనే పిల్లని గట్టు మీదికి తోసేసిందట. పిల్ల కేకలకి పొలాల్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆమెని పైకి లాగారు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. విజయనగరం పెద్దాసుపత్రిలో రాడ్డు వేశారు. భర్త వచ్చి నాలుగు రోజులుండి మళ్ళీ లారీ ఎక్కాడు. ఎక్కకపోతే ఇల్లు గడవదు. వంట, నీళ్ళు, తల్లిని లేపడం, పడుకోబెట్టడం, తమ్ముణ్ణి చూసుకోవడం అన్నీ ఆ పిల్ల మీద పడ్డాయి. తమ్ముడు ఆ ఏడాదే నా దగ్గర ఒకటో తరగతిలో చేరాడు. అక్క చదువు అక్కడితో ఆగింది.

చూడ్డానికి వెళ్ళాను. తల్లి మంచం మీద ఉంది. ఊరివాళ్ళు నలుగురు కూర్చుని, సోమవారం కలెక్టరు గారి గ్రీవెన్సుకి అర్జీ పట్టుకెళ్దామనుకుంటున్నారు. రాసేది ఇంకెవరు, ఆ పిల్లే. బియ్యం కడుగుతున్న చేతులు గౌనుకి తుడుచుకుని కాగితం ముందు కూర్చుంది. తల్లి చెప్పసాగింది.

“మా బడి మేడమ్ గెడ్డ సంగతి మొదటే రాసినారు. ఆపీసోల్లే సూడనేదు. రాయే గుంటా. ఆ మాట బాగా రాయాల. మా మేడమ్ తప్పేటీ నేదు.”

పిల్ల దాన్ని నేను నేర్పిన తెలుగులోకి మార్చి రాసింది. ‘మా ప్రధానోపాధ్యాయురాలు ముందుగానే తెలియజేసినప్పటికీ’ అని. నేను సమావేశాల్లో వాడే మాట అది, నా నోట విని పట్టుకుంది. రాసి కాగితం నా చేతికిచ్చింది.

“తప్పులున్నాయేమో సూడండి మేడమ్.”

రెండుసార్లు చదివాను. తప్పులేవీ లేవన్నాను. తల్లి మంచం మీంచే వేలిముద్ర వేసింది. ఆ తర్వాత మజ్జిగిస్తే తాగాను కూడా. ఎలా తాగగలిగానో నాకే తెలియదు.

మా ప్రభుత్వంలో అర్జీల నడక తెలిసిందే. పైకి ఎక్కిన కాగితం మెట్టు మెట్టూ దిగి, ఎవరి వల్ల గొడవ వచ్చిందో వాళ్ళ బల్ల మీదికే చేరుతుంది. కొన్ని వారాలకి అది నా దగ్గరికి వచ్చింది, విచారించి నివేదిక పంపమని. వెనకాల నా ఫారం కాపీ కుట్టి ఉంది. అడ్డంకులు: లేవు. కింద నా సంతకం.

నివేదికలో మొదట ‘పొరపాటున’ అని రాశాను. ఆ మాట కొట్టేశాను. గెడ్డ ఉందని తెలిసే లేదని రాశానని రాసి పంపాను. నన్ను సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. చిన్న వంతెనకి ప్రతిపాదన పంపుతామన్నారు. తరగతులు మాత్రం ఈ ఏడాదికి వెనక్కి రావన్నారు. అర్జీ పరిష్కరించబడిందని ఆ తల్లీకూతుళ్ళ ఇంటి ఫోనుకి మెసేజి వచ్చిందట.

కలెక్టరాఫీసుకి నిజం రాయగలిగిన దాన్ని, మంచం మీదున్న మనిషికి చెప్పలేకపోయాను. మూడుసార్లు ఆ వీధి మొగ దాకా వెళ్ళాను. ఇప్పుడే లేచి కూర్చుంటోంది కదా, ఇంకో వారం పోనీ అనుకుంటూ తిరిగొచ్చేశాను. ఊళ్ళోవాళ్ళ మీద అరిచేటప్పుడు లేని మొహమాటం నాకు అప్పుడే ఎక్కణ్ణుంచో ఊడిపడింది.

చివరికి ఒక పొద్దున్న సుద్దముక్క తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. జూన్‌లో ఆ శుభవార్త చెరిపేశాక ఆ బల్ల ఖాళీగానే ఉంది. ఎడమవైపు రాశాను: ‘మన ఊరికీ హైస్కూలుకీ మధ్య గెడ్డ ఉంది. లేదని ఫారంలో రాసింది నేనే. ఉందని రాశానని మీకు అబద్ధం చెప్పాను.’

ఒకటో తరగతీ రెండో తరగతీ చుట్టూ మూగాయి. ఒత్తులున్న మాటలు వాళ్ళకింకా రావు. చదవగలిగిన వాళ్ళందర్నీ నేనే పంపించేశాను కదా. “బొమ్మెయ్యండి మేడమ్,” అన్నాడొకడు.

అప్పుడే ఆ పిల్ల తమ్ముణ్ణి దింపడానికి వచ్చింది. బల్ల మీద రాత చూసి ఆగింది. తమ్ముడి చెయ్యి వదలకుండా, అలవాటు కొద్దీ పైకే చదివింది, అదే రేడియో గొంతుతో. రెండో వాక్యం దగ్గర గొంతు తగ్గింది. మూడోది లోపలే చదువుకుంది.

“ఇంటికాడ సెప్పనా మేడమ్?” అంది.

“చెప్పమ్మా.”

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తిడుతుందనుకున్నాను. ఊరంతా బడి మీదికి వస్తుందనుకున్నాను. వస్తే బాగుండునని కూడా అనుకున్నాను. తెల్లారి ఎవరూ రాలేదు. రోజులాగే ఆ పిల్ల తమ్ముణ్ణి తీసుకొచ్చి ప్రార్థన వరుసలో నిలబెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా మొహం చూడకుండా, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

“మా యమ్మ సెప్పమన్నాది మేడమ్. ఆ దినం తన సెప్పులేసుకొనే కదా మీరు గెడ్డ దాటి ఎల్లినారు, అని.”

ఇంటి దగ్గర పొయ్యి మీద అన్నం ఉందంటూ ఆ పిల్ల వెళ్ళిపోయింది. రేపేమి రాయాలని అడగలేదు.